హేమ్లి బదులు ద్వాలి

జ్ఞానం తలలో ఉంటుందని అందరూ ఒప్పుకున్నదే. ఎంత ఉందన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు తల ఉందో లేదో తేల్చాలి అని తీర్మానించిన తొలి విద్యాసంస్థగా మా గోదావరి సామాజిక అధ్యయన కేంద్రం చరిత్రలో నిలిచిపోతుంది. బూర్గంపాడు దాటాక, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఈ కేంద్రంలో సమాజశాస్త్రం ఎం.ఏ. చెబుతారు. ఆఖరి సెమిస్టర్‌లో ఒక పేపరుంది. పేరు ‘సామాజిక సిద్ధాంతం, ప్రపంచీకరణ, పట్టణీకరణ, శ్రమ’. ఇంత ప్రపంచాన్ని మడతపెట్టి వంద మార్కుల్లో కుక్కడం ఆషామాషీ పని కాదు.

నేనూ ఆ పేపరు పాసయ్యాను. అరవై నాలుగు మార్కులు. ఆ చదువు ఫలితంగా అదే కేంద్రం గేటు ఎదుట జిరాక్స్ షాపు నడుపుతున్నాను (శ్రమ, అయిదో యూనిట్). లోపల ఏ కాగితం పుట్టినా దాని నకలు నా మిషన్‌లోంచే రావాలి. కాబట్టి నేను చెప్పబోయేది పుకారు కాదు, ప్రతి ముక్కకూ నా దగ్గర కాపీ ఉంది.

ముందు హాజరు గురించి చెప్పాలి. డెబ్బై అయిదు శాతం హాజరు లేనివారు పరీక్ష రాయరాదు. తొంభై పని దినాల్లో అరవై ఎనిమిది రోజులు రావాలి. దీన్ని కొలవడానికి ‘ఉపస్థితి’ అనే యాప్ తెప్పించారు. మొదట్లో అది విద్యార్థుల ముఖాలు గుర్తుపట్టేది. కానీ ముఖం హైదరాబాద్ సర్వర్ దాకా పోవాలంటే కావలసినంత సిగ్నల్ మా అడవి అంచున దొరకదు. అంకె అయితే ఎలాగోలా పోతుంది. అందువల్ల ఇకపై ముఖాలను మినహాయించి తలలను మాత్రమే లెక్కించవలసిందిగా సర్క్యులర్ వచ్చింది. అధ్యాపకుడు ఫోను పైకెత్తి గదిని ఒక ఫోటో తీస్తాడు. క్లాసులో పద్నాలుగు మంది నమోదయ్యారు. పద్నాలుగు తలలు కనిపిస్తే అందరూ వచ్చినట్టు. పదమూడు కనిపిస్తేనే పేర్లు పిలుస్తారు. (పదిహేను కనిపిస్తే ఏం చేయాలో సర్క్యులర్‌లో లేదు. చదువుకోవడానికి ఎక్కువ మంది వస్తారన్న ప్రమాదాన్ని ఎవరూ ఊహించలేదు.)

ఆ పద్నాలుగు తలల్లో ఒకటి హేమ్లిది. మా కేంద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని బిచ్యా తాండా పిల్ల. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకుంది. మధిరలో ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ డెమో క్లాసులో ఆమె పాఠం చెప్పే తీరు చూసి ముచ్చటపడి, జూన్‌లోగా ఎం.ఏ. మెమో చూపిస్తే లెక్చరర్‌గా తీసుకుంటానన్నాడు. తండ్రి దేవ్లా హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ (పట్టణీకరణ, మూడో యూనిట్). తాండాలో ఉండేది హేమ్లి, తల్లి ద్వాలి, ఎకరంన్నర మిరప.

మిరప ఎర్రబడ్డాక ఆగదు. అన్ని చేన్లూ ఇంచుమించు ఒకేసారి పండుతాయి, అన్నిటికీ ఒకేసారి చేతులు కావాలి. అందుకని తాండాలో ఆడవాళ్లు బదులు పోతారు. ఈ రోజు మీరంతా నా చేనుకు వస్తే, మీ చేన్లకు ఒక్కొక్క రోజు నేను వస్తాను. ఇందులో రూపాయి చేతులు మారదు, కాగితం ఉండదు. నాకు ఒంట్లో బాగాలేకపోతే నా ఇంట్లోంచి ఇంకొకరు వస్తారు. వచ్చింది ఎవరన్నది కాదు, మనిషి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఒక్క మాటలో చెప్పాలంటే, మా కేంద్రం లక్షలు పోసి కొన్న యాప్ చేసే పని తాండా ఎప్పటి నుంచో ఉత్తినే చేస్తోంది.

ఫిబ్రవరిలో నీళ్ల బిందె ఎత్తబోతే ద్వాలికి నడుం పట్టేసింది. దవాఖానాలో మూడు వారాలు వంగొద్దన్నారు. అప్పటికి ద్వాలి చేనుకు తాండా ఆడవాళ్లు వచ్చి కోసిపోయారు. తిరిగి తొమ్మిది చేన్లకు బదులు పోవాలి. హేమ్లి వెళితే క్లాసులు పోతాయి. ఆ తల్లీకూతుళ్లు అన్నం ముందు కూర్చుని, ఏ సిద్ధాంతమూ అవసరం లేకుండా, రెండు నిమిషాల్లో పరిష్కారం కనిపెట్టారు. తర్వాత హేమ్లి నాకు చెప్పింది.

“మా యాడి, అదే మా అమ్మ, అన్నది, నీ చదువు కూసునే పనే గద? నేను కూసోగల్గుత. చేన్ల వంగాలె, నువ్వు వంగుతవు. నువ్వు చేనుకు పో, నేను నీ బదులు బడికి పోత అని. నాకు అండ్ల తప్పేం కొట్టలే అన్నా.”

మర్నాడు పొద్దున పదింటికి ద్వాలి నా షాపు ముందు ఆటో దిగింది. ఉతికిన చీర, చేతిలో టిఫిన్ డబ్బా.

“మతీన్ భాయ్, మా పిల్ల బదులొచ్చిన. రూమేది?”

నాలుగో గది అని నేనే చూపించాను. ఎం.ఏ. సోషియాలజీ చదివినవాణ్ని. నాకూ తప్పేం తోచలేదు.

తొమ్మిది రోజులు ద్వాలి క్లాసులో కూర్చుంది. ఫోను ఎత్తలేదు, కునుకు తీయలేదు, మధ్యలో లేచి టీకి పోలేదు. ఈ విషయంలో ఆమె కేంద్రం చరిత్రలోనే అరుదైన విద్యార్థిని. పాఠం చెప్పేది శాఖాధిపతి ఆచార్య ప్రభాకర్. ఆయన కళ్లద్దాలు నోట్సు దూరానికి సరిపోతాయి, బెంచీల దూరానికి సరిపోవు. ఆ నోట్సు ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది రాసుకున్నది, రెండుసార్లు అట్ట మార్చాను. ఆయన ఫోను ఎత్తేవారు, పద్నాలుగు తలలు పడేవి, దేశం ముందుకు పోయేది.

ద్వాలికి చదవడం రాదు. అందుకని విన్నదంతా గుర్తుపెట్టుకుని రాత్రి అన్నాల దగ్గర హేమ్లికి ఒప్పజెప్పేది. హేమ్లి రాసుకునేది. ఆ నోట్సు కూడా నేనే జిరాక్స్ తీశాను. అందులో రెండో పేజీ ఇలా ఉంటుంది: “ప్రపంచీకరణ అంటే మన మిర్చి రేటు మనల్ని ఎప్పుడూ సూడనోడు ఎక్కడ్నో కూసోని చెప్పుడు. సారు దీనికి గంట సేపు చెప్పిండు.” మిగతా పదమూడు మంది ఆ ఏడాది ఈ నోట్సు చదివే పాసయ్యారు.

తొమ్మిదో రోజు ఆచార్యులవారు నాలుగో యూనిట్‌కు వచ్చారు. పాఠ్యగ్రంథం ఆయన రాసిందే. నూటపన్నెండో పేజీ తెరిచి చదివారు. “గ్రామీణ సమాజాలలో ఒకప్పుడు వినిమయ శ్రమ ఉండేది. ప్రపంచీకరణ వచ్చాక, అంటే 1990ల తరువాత, అది పూర్తిగా అంతరించింది. సందేహాలున్నాయా?”

ఈ ప్రశ్న ఆయన ఏటా అడుగుతారు. ఏ ఏడూ ఎవరూ మాట్లాడరు. వెనక బెంచీలోంచి మాట వచ్చింది.

“యాడ పోయింది సారూ? ఉన్నది గద.”

ఆచార్యులవారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. “ఎవరమ్మా మీరు?”

“హేమ్లి అమ్మను. పిల్ల మా తాండల బాలి వాళ్ల చేనుకు బదులు పోయింది. పిల్ల బదులు నేనొచ్చిన. గందుకే చెప్తున్న, ఉన్నది.”

ఇరవై ఏళ్లుగా తాను పరిశోధిస్తున్న విషయం టిఫిన్ డబ్బాతో సహా ఎదుట కూర్చుని ఉంటే ఒక పండితుడు ఏం చేస్తాడు? ఆచార్య ప్రభాకర్ సరిగ్గా అదే చేశారు. ఫిర్యాదు రాశారు.

విచారణ సంఘం వారంలో కూర్చుంది. అధ్యక్షురాలు హాజరు పరిరక్షణాధికారి ఉషారాణి. (ఈ పదవి యాప్‌తో పాటు వచ్చింది. యాప్‌లో ముఖాలు పోయినా పదవి పోలేదు.) అభియోగం ‘మారుమనిషిని పంపుట’, నియమం పదిహేడు, శిక్ష మూడేళ్ల బహిష్కారం. చిట్టా రాయడానికి నన్ను పిలిచారు కాబట్టి నేనూ మూల కూర్చున్నాను.

“మీ అమ్మను పంపడం మోసం అని తెలియదా?” అని అడిగారు ఉషారాణి.

“మోసమైతే దాసిపెడ్తం గద మేడం. మేం ఎవరికీ దాయలే. యాడి అందరికి చెప్పుకుంటనే వచ్చింది. మా తాండల గట్లనే పోతరు. బదులు అంటరు.”

ఉషారాణి పాఠ్యగ్రంథం ముందుకు జరిపారు. నూటపన్నెండో పేజీలో చీటీ పెట్టి ఉంది. “ఇది విశ్వవిద్యాలయం ఆమోదించిన పుస్తకం. నువ్వు చెప్పే పద్ధతి 1990ల తర్వాత లేదు అని ఇందులో ఉంది. లేని పద్ధతి ప్రకారం మీ అమ్మ ఎలా వస్తుంది?”

“ఉన్నది మేడం. మొన్న కూడ పోయొచ్చిన.”

“ఉంటే సిలబస్‌లో ఉండేది. లేదు కాబట్టి నువ్వు చేసింది బదులు కాదు. బదులు కానప్పుడు అది మారుమనిషే. మీరేమంటారు ఆచార్యా?”

ఆచార్య ప్రభాకర్ దయగల మనిషి. ఆ దయ అప్పుడే బయటపడింది. పిల్ల భవిష్యత్తు పాడు చేయడం తనకిష్టం లేదన్నారు. ఒక అఫిడవిట్ ఇస్తే సరిపోతుందన్నారు. తాండాలో బదులు అనే పద్ధతి లేదని హేమ్లి రాసిస్తే, తల్లి రాకను అమాయకపు పొరపాటుగా పరిగణించి ఆ తొమ్మిది రోజుల హాజరు కూడా ఉంచేయవచ్చన్నారు. హేమ్లి బల్ల వైపు చూసింది. మధిర ప్రిన్సిపాల్ మాట, జూన్ నెల, తల్లి నడుం అన్నీ ఆ బల్ల మీదే ఉన్నట్టు చూసింది. సరే అంది.

అఫిడవిట్ నేనే టైపు చేశాను. ‘మా తాండాలో బదులు అను పద్ధతి ప్రస్తుతం అమలులో లేదనియు, 1990వ దశకము తరువాత అది పూర్తిగా అంతరించినదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ కింద పదిమంది సాక్షులు సంతకాలు పెట్టాలి. వయోజనులై ఉండాలి, ఆ తాండావాసులై ఉండాలి, పని దినాన, పదకొండు నుంచి నాలుగు మధ్య (భోజన విరామం మినహా) స్వయంగా హాజరు కావాలి. నోటీసు చివర ఉషారాణి తన చేత్తో ఒక వాక్యం కలిపారు: ‘సాక్షుల బదులు ఇతరులు రారాదు.’ ఆ పదం విశ్వవిద్యాలయం రికార్డుల్లో కనిపించేది ఆ ఒక్కచోటే.

మిర్చి కోత మధ్యలో, పదిమంది ఆడవాళ్లు పని మానుకుని, తలగుడ్డలు కూడా విప్పకుండా మా గేటు ముందుకు వచ్చారు. వాళ్లకు పెద్ద బాలి. కోతల్లో ఏ రోజు ఎవరి చేను అన్నది నిర్ణయించేది ఆమే. ఆధార్ కార్డులు నాకిచ్చి, కాగితంలో ఏముందో చదవమంది. చదివాను.

“బదులు లేదని రాసిండ్రా?”

“అవ్ కాకీ,” అంది హేమ్లి. (కాకీ అంటే పిన్ని.)

“మరి మేమిప్పుడు ఎందుకొచ్చినం పిల్లా? పని ఇడిసిపెట్టి?”

“నా బదులు.”

“మరి లేదంటున్నరు?”

“కాగితంల లేదు కాకీ. వేలిముద్ర పెట్టు.”

బాలి వేలిముద్ర పెట్టింది. తర్వాత ఆ సిరా వేలిని నా గోడకు తుడిచి, “మనం ఉన్నమని కాగితంల రాసిండ్రా? గది కూడ లేదా?” అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ అఫిడవిట్‌కు మూడు కాపీలు తీశాను. ఒకటి కేంద్రానికి, ఒకటి హేమ్లికి. మూడోది ఆచార్య ప్రభాకర్ అడిగారు. మంచి కాగితం మీద, రంగు సీలు స్పష్టంగా పడేట్టు తీయమన్నారు.

అప్పటికి హేమ్లి హాజరు, ఉంచేసిన తొమ్మిదితో కలిపి, అరవై రెండు రోజులు. సెమిస్టర్‌లో మిగిలింది పది రోజులు. ఆరు రోజులు వస్తే చాలు. ఆరంటే ఆరు.

కానీ పదిమంది ఆమె కోసం ఒక్కొక్క రోజు వదులుకున్నారు. పది చేన్లు. పది రోజుల బదులు. బదులు లేదని చెప్పడానికి వచ్చినవాళ్లకు బదులు పోవాలి. ఈ సంగతి తాండాలో ఎవరూ ఎవరికీ గుర్తుచేయరు. గుర్తుచేయవలసి వస్తే అది బదులు కాదు.

అయినా బాలి మంచి మనిషి. “ఆర్రోజులు బడికి పో. నాల్గు దినాలు మాకు రా. తతిమ్మ వచ్చే ఏడు సూసుకుందం,” అంది. హేమ్లి ఊపిరి పీల్చుకుంది. ఆ సాయంత్రమే భద్రాచలం వైపు నుంచి మబ్బులు పట్టాయి. ఫోన్లలో వాన కబురు వచ్చింది. ఆఖరి కోత కాయ చెట్ల మీదే ఉంది. తడిస్తే తాలు, ఎవరూ కొనరు. పది చేన్లకూ ఒకేసారి చేతులు కావాలి. ద్వాలి ఇంకా వంగలేదు.

పొద్దున్నే క్లాసుకని తయారైన హేమ్లి నా షాపు దాకా వచ్చి ఆగింది. గేటులోకి పోలేదు.

“లోపలికి పో,” అన్నాను. “ఆరు రోజులే గద. వాళ్లే పొమ్మన్నరు.”

“వాళ్లు పొమ్మంటరన్నా. వాళ్లు గట్లనే అంటరు. కాయ తడిస్తే నేను ఏ మొకం పెట్టుకొని మెమో తీసుకోవాలె?” కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. “నాకు ఆ ఉద్యోగం కావాలె. శానా కావాలె. ఏడుపొస్తున్నది. కానీ పోత.”

వెళ్లిపోయింది. పది రోజుల్లో పది చేన్లు కోశారు. వాన పదకొండో రోజున పడింది. కాయ అప్పటికి టార్పాలిన్ల కింద భద్రంగా ఉంది. తాండాలో ఒక్క ఇల్లు కూడా నష్టపోలేదు. (ఇది ఏ యూనిట్ కిందికి వస్తుందో నాకు తెలియదు. సిలబస్‌లో వెతికాను.)

హేమ్లి హాజరు అరవై రెండు దగ్గరే ఆగింది. మినహాయింపు కోసం దరఖాస్తు ఉంటుంది. గైర్హాజరుకు కారణం అన్న చోట మూడే గళ్లు: అనారోగ్యం, వివాహం, మరణం. ఈ మూడూ జరగకుండా మనిషి పది రోజులు కనిపించకపోవడం విశ్వవిద్యాలయానికి అర్థం కాని విషయం. హేమ్లి ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా పక్కన రాసింది: ‘బదులు పోయినాను.’ నేను వద్దన్నాను. వినలేదు. ఉషారాణి దరఖాస్తు చూసి, ఫైలు తెప్పించి, అఫిడవిట్ తీసి రెండూ పక్కపక్కన పెట్టారు.

“నువ్వే రాశావు, లేదని. పదిమంది సాక్షులున్నారు.”

“అవ్ మేడం. ఆ పదిమంది చేన్లకే పోయిన.”

“లేని దానికి ఎలా పోతావు?”

ఉషారాణి హేమ్లి తరఫున మర్యాదగానే ముగింపు రాశారు. ‘అభ్యర్థిని సదరు పది దినములు ఎచటికిని వెళ్లియుండలేదని రికార్డుల వలన తేలుచున్నది. అయినను తరగతికి రాలేదు. హాల్ టికెట్ నిరాకరించడమైనది.’ నాకు ఆ వాక్యం చదువుతుంటే ఒళ్లు మండింది. ఒళ్లు మండినా మిషన్ తిప్పాను, రెండు కాపీలు. నా సిగ్గు గురించి కూడా ఇక్కడ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మధిర కాలేజీవాళ్లు జూన్ దాకా చూశారు. ఆ తర్వాత వేరే ఆవిడను తీసుకున్నారు. హేమ్లి ఇప్పుడు సత్తుపల్లిలో బట్టల షాపులో పనిచేస్తోంది. వచ్చే ఏడు మళ్లీ ఫీజు కట్టి అదే పేపరు రాయాలి. నాలుగో యూనిట్ మారలేదు. కొత్త ముద్రణలో ఒక ఫుట్‌నోట్ మాత్రం చేరింది: ‘వినిమయ శ్రమ అంతరించిందనడానికి బిచ్యా తాండాకు చెందిన పదిమంది మహిళల ప్రమాణపూర్వక వాంగ్మూలం తాజా ఆధారం.’

ఆ ఆధారాన్ని ఆచార్య ప్రభాకర్ విదేశంలో ఒక అంతర్జాతీయ సదస్సులో సమర్పించారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. సెమిస్టర్ చివరి పది రోజులూ ఆయన అక్కడే ఉన్నారు. ఇక్కడ ఆయన క్లాసులను కాంట్రాక్టు లెక్చరర్ జగదీష్ తీసుకున్నాడు. ఆయన నోట్సే చదివాడు, ఆయన లాగే ఫోను ఎత్తాడు, రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా పొట్టి సంతకం పెట్టాడు.

“ఇదేంది జగదీష్, నువ్వు సారు బదులు పోయినవా?” అని అడిగాను.

“బదులు కాదన్నా. బదులైతే ఆయన కూడ ఎప్పుడన్న నా క్లాసుకు రావాలె గద. దీన్ని సర్దుబాటు అంటరు. జీవో ఉన్నది.”

మొన్న ఆడిట్ కోసం ఆ రిజిస్టర్ నా దగ్గరికి జిరాక్స్‌కు వచ్చింది. ఆచార్య ప్రభాకర్ గారి హాజరు తొంభైకి తొంభై.